వంపు తిరిగిన నానో తీగల్లో అయస్కాంత డొమైన్ గోడలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అయస్కాంత పదార్థాల మీద సిమ్యులేషన్లు చేస్తుంటానని తెలిసి, ఎమ్మెస్సీ ప్రాజెక్టు మొదలుపెట్టిన పిల్లలు, ఒకరిద్దరు లెక్చరర్లు నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలివి. దాదాపు అందరికీ చిక్కు ఒకే దగ్గర పడుతోంది. తీగను వంచితే ఆకారం మారుతుంది గానీ లోహం మారదు కదా, మరి లోపలి అయస్కాంతత్వానికి ఏమవుతుంది అంటారు. చాలానే అవుతుంది. ఆ వంపే గోడను పట్టి ఆపగలదు, ఫలానా దిక్కుకే చూడమని శాసించగలదు, కొన్ని ఆకారాల్లో పరుగులు పెట్టించగలదు. ఉదాహరణలకు ఎక్కువగా పెర్మల్లాయ్‌నే తీసుకున్నాను. అంటే సుమారు 80 పాళ్ళు నికెల్, 20 పాళ్ళు ఇనుము కలిసిన మిశ్రలోహం. దీనికి స్ఫటికం వల్ల వచ్చే ఇష్టాయిష్టాలు దాదాపు ఉండవు కాబట్టి ఆకారం చేసే పని శుభ్రంగా కనబడుతుంది.

డొమైన్ గోడ అంటే అసలు ఏమిటి?

ఒక ఇనుప మేకు తీసుకోండి. అందులోని ప్రతి పరమాణువూ చిన్న అయస్కాంతమే, దాన్నే ఇక్కడ స్పిన్ అంటాను. అయినా ఆ మేకు ఇంకో మేకును లాగదు. కారణం 1907లో పియరీ వైస్ చెప్పాడు: లోపల చిన్న చిన్న ప్రాంతాలు ఉంటాయి, ఒక్కో ప్రాంతంలో స్పిన్‌లన్నీ ఒకే దిక్కుకు చూస్తాయి, కానీ ఒక ప్రాంతం దిక్కు ఇంకోదానికి కలవదు. మొత్తం మీద ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఈ ప్రాంతాలే డొమైన్లు. రెండు డొమైన్ల మధ్య సరిహద్దే డొమైన్ గోడ.

పేరుకు గోడే గానీ, ఇటు ఉత్తరం, అటు దక్షిణం అన్నట్టు కోసినట్టుగా ఉండదు. స్పిన్‌లు కొద్దికొద్దిగా మళ్ళుతూ వెళ్తాయి. ఎందుకో చిన్న లెక్కతో తేలిపోతుంది. పక్కపక్క స్పిన్‌ల మధ్య కోణం పెరిగితే ఖర్చయ్యే శక్తి ఆ కోణం వర్గాన్ని బట్టి ఉంటుంది. 180 డిగ్రీల మలుపును ఒక్క అడుగులో తిరిగితే ఖర్చు 180 వర్గం. అదే 100 అడుగుల్లో తిరిగితే ఒక్కో అడుగుకు 1.8 వర్గం, అలాంటివి 100. మొత్తం ఖర్చు నూరో వంతుకు పడిపోతుంది. అందుకే ఇనుములో గోడ మందం కొన్ని పదుల నానోమీటర్లు, అంటే వందకు పైగా పరమాణు పొరలు. దీన్ని లెక్క కట్టింది ఫెలిక్స్ బ్లాక్, 1932లో.

మరి నానో తీగలో గోడ వేరుగా ఉంటుందా?

ఉంటుంది. ఇక్కడ తీగ అంటే గుండ్రటి తీగే కానక్కర్లేదు. సిలికాన్ మీద పరిచిన, వంద రెండొందల నానోమీటర్ల వెడల్పు, 10 నానోమీటర్ల మందం ఉన్న సన్నని పట్టీని కూడా తీగ అనే అంటాం. అంత సన్నని పట్టీలో అయస్కాంతీకరణ, అంటే స్పిన్‌లన్నీ కలిసి చూసే దిక్కు, పట్టీ పొడవునే పడుకుంటుంది. అడ్డంగా నిలబడితే అంచుల మీద ధ్రువాలు తేలి శక్తి పెరుగుతుంది. కాబట్టి డొమైన్లు రెండే రకాలు: ఇటు చూసేవి, అటు చూసేవి. రెండు డొమైన్ల బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్న చోట ఏర్పడేది తల-తల గోడ. బాణాల తోకలు కలిసిన చోట ఏర్పడేది తోక-తోక గోడ.

పట్టీ సన్నగా, పల్చగా ఉంటే గోడ మధ్యలో స్పిన్‌లు అడ్డంగా నిలబడతాయి, దాన్ని అడ్డ గోడ అంటాం. వెడల్పు, మందం పెరిగితే స్పిన్‌లు సుడి తిరుగుతాయి, అది సుడి గోడ. ఏ కొలతలకు ఏది వస్తుందో 1997లో మెక్‌మైకేల్, డొనహ్యూ లెక్క కట్టి చూపించారు. ఈ పేజీలో ఎక్కువగా అడ్డ గోడ గురించే మాట్లాడతాను. వంపు ప్రభావం అందులోనే స్పష్టంగా తెలుస్తుంది.

ఎంత వంపు ఉంటే లెక్కలోకి వస్తుంది?

వక్రత అంటే వ్యాసార్ధానికి విలోమం. వ్యాసార్ధం చిన్నదయ్యే కొద్దీ వక్రత పెద్దది. పోలిక పెట్టాల్సింది గోడ మందంతో. పెర్మల్లాయ్‌లో ఎక్స్ఛేంజ్ పొడవు, అంటే స్పిన్‌లు ఒకదాని మాట ఒకటి గట్టిగా వినే దూరం, సుమారు 5 నానోమీటర్లు. గోడ మందం దానికి చాలా రెట్లు, దాదాపు పట్టీ వెడల్పంత. మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న వంపు గోడకు వంపులాగే తోచదు. వందల నానోమీటర్లకు దిగితే అప్పుడు గోడకు తెలుస్తుంది.

వంచితే లోపల ఏం మారుతుంది?

స్పిన్‌కు రెండు కోరికలు ఉన్నాయనుకోండి. ఒకటి, పక్క స్పిన్ ఎటు చూస్తే అటే చూడాలని. ఇది ఎక్స్ఛేంజ్. రెండు, తీగ ఎటు పోతే అటు చూడాలని. ఇది ఆకారం వల్ల వచ్చేది. తిన్నని తీగలో ఈ రెండు కోరికలకూ తగాదా లేదు. తీగ వంగితే తగాదా మొదలవుతుంది: తీగ వెంట చూడాలంటే పక్క స్పిన్‌తో కొంచెం కోణం తప్పదు.

ఇప్పుడు ఆ వంగిన తీగలో గోడ ఉందనుకోండి. స్పిన్ మొత్తం మళ్ళే తీరులో రెండు భాగాలున్నాయి. గోడ వల్ల మళ్ళేది ఒకటి, తీగ వంగినందుకు మళ్ళేది ఇంకొకటి. వాటిని 'గ', 'వ' అందాం. ఖర్చు మొత్తం మలుపు వర్గాన్ని బట్టి కాబట్టి ఎనిమిదో తరగతి సూత్రమే ఇక్కడ పని చేస్తుంది: (గ + వ)² = గ² + 2గవ + వ².

గ² అన్నది తిన్నని తీగలోనూ ఉన్నదే. వ² వల్ల ఒక కొత్త ఇష్టం పుడుతుంది: వంపు ఉన్న తలంలో మళ్ళుతూ ఉండే బదులు, ఆ తలానికి నిలువుగా నిలబడితే స్పిన్‌లన్నీ సమాంతరంగా ఉండొచ్చు కదా అన్న ఇష్టం. చిన్న వంపులకు ఇది బలహీనం.

అసలు విషయం మధ్య పదంలో ఉంది. 2గవకు గుర్తు ఉంది. గోడ, తీగ ఒకే వైపు మళ్ళితే ఖర్చు పెరుగుతుంది, ఎదురు వైపులకు మళ్ళితే తగ్గుతుంది. అంటే గోడకు కుడి ఎడమల తేడా తెలిసొచ్చింది. ఇలా చేతివాటం చూపించే పరస్పర చర్యను జ్యాలోషిన్‌స్కీ, మోరియా పేర్లతో పిలుస్తారు (1958, 1960). మామూలుగా అది కావాలంటే కేంద్ర సౌష్టవం లేని స్ఫటికం కావాలి, లేదా పల్చటి పొర కింద ప్లాటినం లాంటి బరువైన లోహం వేయాలి. ఇక్కడ అవేమీ లేవు. సాదా పెర్మల్లాయ్. వంచాం, అంతే. నన్ను ఈ సబ్జెక్టులోకి లాగిందే ఈ మధ్య పదం. ఇన్నేళ్ళయినా దాన్ని బోర్డు మీద రాసినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

పల్చటి గుల్లలకూ వంగిన తీగలకూ ఈ సిద్ధాంతాన్ని పద్ధతిగా నిలబెట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది కీవ్‌కు చెందిన గైదిదేయ్, క్రవ్‌చుక్, షేకా. వాళ్ళ ముఖ్యమైన పేపర్లు 2014, 2015లలో వచ్చాయి.

గోడ మధ్యలో స్పిన్ బయటికి చూస్తుందా, లోపలికా?

దీనికి సమీకరణం అక్కర్లేదు, గాజు చాలు. ఒక గాజును కాగితం మీద పెట్టి పై సగం చుట్టూ గీత గీయండి. గుమ్మం మీది కమాను లాంటి ఆకారం వస్తుంది. ఎడమ కాలులో పైకి వెళ్ళే బాణాలు, కుడి కాలులోనూ పైకి వెళ్ళే బాణాలు, అన్నీ గీత వెంటే గీయండి. నడినెత్తి దగ్గరకు వచ్చేసరికి ఎడమ నుంచి వచ్చే బాణం కుడికి, కుడి నుంచి వచ్చే బాణం ఎడమకు చూస్తూ ఢీకొంటాయి. ఇదే తల-తల గోడ.

ఇప్పుడు నడినెత్తిన ఒక్క బాణం గీయాలి. పైకా, కిందకా? పైకి, అంటే కమాను బయటికి గీస్తే: ఎడమ కాలు అడుగున పైకి, తర్వాత వాలుగా కుడికి, నెత్తిన మళ్ళీ పైకి, ఆపైన వాలుగా ఎడమకు, కుడి కాలు అడుగున మళ్ళీ పైకి. బాణం కాస్త ఇటూ అటూ ఊగింది గానీ చివరికి ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చింది. అదే కిందకి, అంటే లోపలికి గీస్తే: పైకి, కుడికి, కిందకి, ఎడమకి, పైకి. పూర్తిగా ఒక చుట్టు. మలుపు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. కాబట్టి తల-తల గోడ బయటికి చూస్తుంది. బాణాలన్నీ తిరగేస్తే తోక-తోక గోడ వస్తుంది, దాని నడుమ స్పిన్ లోపలికి చూస్తుంది. దయచేసి ఈ బొమ్మ ఒక్కసారి చేత్తో గీయండి. మిగతా ప్రశ్నల్లో సగం దీంతోనే తీరిపోతాయి.

వంపు గోడను నిజంగా పట్టి ఆపగలదా? ఎంత గట్టిగా?

ఆపుతుంది. మంచి దిక్కుకు చూసే గోడకు, వక్రత ఎక్కువున్న చోట శక్తి తక్కువ. కాబట్టి బాగా వంగిన చోటికి అదే జారుకుంటుంది. తిన్నని చోటు నుంచి వంపులోకి దిగితే తగ్గే శక్తి ఇంత: 2 × పై × ఎక్స్ఛేంజ్ స్థిరాంకం × వక్రత × తీగ అడ్డుకోత వైశాల్యం.

అంకెలు వేసి చూద్దాం. పెర్మల్లాయ్ ఎక్స్ఛేంజ్ స్థిరాంకం, అంటే పక్క స్పిన్‌ల మధ్య పట్టు ఎంత గట్టిదో చెప్పే అంకె, మీటరుకు 13 పికోజౌళ్ళు. పట్టీ వెడల్పు 50 నానోమీటర్లు, మందం 5, వంపు వ్యాసార్ధం 100 అనుకుందాం. అన్నీ గుణిస్తే సుమారు 2 × 10⁻¹⁹ జౌళ్ళు వస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర వేడి వల్ల కలిగే కుదుపు, అంటే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం × ఉష్ణోగ్రత, 4 × 10⁻²¹ జౌళ్ళు. అంటే వంపు పట్టు వేడి కుదుపుకు 50 రెట్లు. పదేళ్ళు చెక్కుచెదరకుండా ఒక బిట్ నిలవాలంటే కావలసింది సుమారు 40 రెట్లు. కాబట్టి ఈ కొలతలకు వంపు ఒక్కటే గోడను ఏళ్ళ తరబడి ఉంచగలదు. వ్యాసార్ధాన్ని 1 మైక్రోమీటరుకు పెంచితే అదే పట్టు 5 రెట్లకు పడిపోతుంది, అప్పుడు గోడ నిలవదు.

ఇది ఎక్స్ఛేంజ్ ఒక్కదాని లెక్క. నిజమైన పట్టీలో గోడ ధ్రువాలు దూరంగా ఉన్న భాగాలతోనూ మాట్లాడుకుంటాయి, అది సిమ్యులేషన్‌లోనే తేలుతుంది. కానీ ఎంత బలమో ఒక అంచనాకు రావడానికి ఈ లెక్క చాలు.

ప్రయోగంలో దీన్ని ఎవరైనా చూశారా?

2015లో యెర్షోవ్, క్రవ్‌చుక్, షేకా, గైదిదేయ్ సిద్ధాంతపరంగా చెప్పారు. 2019లో వోల్కోవ్, మకరోవ్ తదితరులు ప్రయోగం చేసి చూపారు. మకరోవ్ బృందం డ్రెస్డెన్‌లోది. పారాబోలా ఆకారంలో పెర్మల్లాయ్ పట్టీలు చేసి, కొన దగ్గర, అంటే పారాబోలా బాగా వంగిన నడినెత్తి దగ్గర, కూర్చున్న గోడను అక్కడి నుంచి కదిలించడానికి ఎంత అయస్కాంత క్షేత్రం కావాలో కొలిచారు. దాని నుంచి ఆ మధ్య పదం బలాన్ని రాబట్టారు.

పారాబోలానే ఎందుకు అని చాలామంది అడుగుతారు. కొన దగ్గర వక్రత గరిష్ఠం, పక్కలకు పోయే కొద్దీ నిదానంగా తగ్గుతుంది. గోడకు అదొక పల్లం లాంటిది. అర్ధవృత్తంలో అయితే వక్రత అంతటా ఒకటే కాబట్టి పల్లం ఉండదు, అక్కడ గోడ ఎటైనా దొర్లుతుంది.

నిజమైన పట్టీల్లో ఒక ఇబ్బంది ఎప్పుడూ ఉంటుంది: అంచుల గరుకు. రెండు మూడు నానోమీటర్ల ఎగుడుదిగుడు ఉన్నా గోడ అక్కడ చిక్కుకుంటుంది. గోడలు ఇలా చిక్కుకుని ఒక్కసారిగా తప్పించుకునేటప్పుడు వచ్చే టిక్ టిక్ చప్పుడునే 1919లో హైన్‌రిష్ బార్క్‌హౌసెన్ విన్నాడు. వంపు పట్టును కొలవాలంటే ఈ గరుకు పట్టు కన్నా అది పెద్దదిగా ఉండాలి. ప్రయోగం చేసేవాళ్ళ కష్టమంతా అక్కడే.

అసలు గోడను కావలసిన చోట ఎలా పుట్టిస్తారు?

అర్ధవృత్తం పట్టీ తీసుకుని, పైవైపుకు గట్టి అయస్కాంత క్షేత్రం పెడతారు. బాణాలన్నీ పైకి చూస్తాయి. క్షేత్రం తీసేయగానే ప్రతి బాణం తనకు దగ్గరి దారిలో పట్టీ వెంటకు వాలుతుంది. నడినెత్తిన తల-తల గోడ తయారు. గాజు బొమ్మలో గీసింది ఇదే. క్షేత్రం దిక్కును 30 డిగ్రీలు తిప్పి పెడితే గోడ కూడా 30 డిగ్రీలు పక్కన పుడుతుంది. వలయాల్లో, అర్ధవలయాల్లో గోడల మీద జరిగిన పని చాలావరకు ఈ చిన్న కిటుకు మీదే నడిచింది.

వంపు గోడను ఆపుతుందంటున్నారు, మళ్ళీ వేగం పెంచుతుందంటున్నారు. రెండూ ఎలా?

వంపుల్లో రెండు రకాలున్నాయి. తీగ పొడవునా వచ్చే వంపు, రోడ్డు మలుపులాంటిది, ఆపేది అది. అడ్డంగా వచ్చే వంపు ఇంకొకటి: పట్టీని చాపలా చుట్టి గొట్టం చేస్తే వచ్చేది. వేగం సంగతి ఈ రెండోదానిది.

చదును పట్టీలో గోడను క్షేత్రంతో తోస్తే మొదట క్షేత్రం పెరిగే కొద్దీ వేగం పెరుగుతుంది. ఒక హద్దు దాటగానే గోడ లోపలి స్పిన్‌లు నిలదొక్కుకోలేక గిరగిరా తిరగడం మొదలుపెడతాయి. గోడ ముందుకూ వెనక్కూ ఊగుతుంది, సగటు వేగం పడిపోతుంది. దీన్ని వాకర్ పతనం అంటారు, 1974లో ష్రైయర్, వాకర్ లెక్క కట్టారు. ఎంత గట్టిగా తోస్తే అంత నెమ్మదిస్తుందన్నమాట. ఈ రంగంలో పని చేసేవాళ్ళందరికీ పెద్ద టెన్షన్ ఇదే.

గొట్టంలో కథ మారుతుంది. అక్కడ కూడా సవ్య, అపసవ్య దిశలకు సమానత్వం లేదు. కదిలే గోడకు ఒక తిరుగుడు దిశ గట్టిగా నిలుస్తుంది, రెండోది నిలవదు. నిలిచే దిశలో ఉన్న గోడ చెదరదు కాబట్టి వాకర్ హద్దు వెనక్కి పోతుంది. 2011లో మింగ్ యాన్, హెర్టెల్ తదితరులు చేసిన సిమ్యులేషన్లలో గోడ సెకనుకు 1 కిలోమీటరు స్థాయికి చేరి, ఇంకా తోస్తే ముందూ వెనకా స్పిన్ తరంగాలను వెదజల్లింది. అణు రియాక్టరు నీళ్ళలో కనిపించే నీలి వెలుగు ఉంటుందే, చెరెన్‌కోవ్ వెలుగు, దానికి ఇది అయస్కాంత లోకపు తోబుట్టువు.

అంతకు ముందు ఏడాది అదే బృందం ఘనమైన సన్నటి గుండ్రటి తీగల్లో ఇంకోటి చూపింది. అక్కడ గోడ తిరుగుతూనే సాఫీగా ముందుకు పోతుంది, ఎటు తిరిగినా తీగకు ఒకటే కాబట్టి వాకర్ హద్దే రాదు. ప్రయోగాల్లో, గుండ్రటి తీగల్లో కరెంటుతో సెకనుకు 600 మీటర్లు దాటిన వేగాన్ని 2019లో షోబిట్జ్, ఫ్రూషార్ తదితరులు చూపించారు.

రేస్‌ట్రాక్ మెమరీలో మలుపులు సమస్య అని విన్నాను. నిజమా?

నిజమే. ఐబీఎమ్‌లో స్టువర్ట్ పార్కిన్ బృందం 2008లో వివరించిన ఆలోచన ఇది: తీగలో వరుసగా గోడలు, వాటి మధ్య డొమైన్లే బిట్లు, కరెంటు పల్స్ ఇస్తే గోడలన్నీ కలిసికట్టుగా ముందుకు జరుగుతాయి. హార్డ్ డిస్క్‌లోలాగా యంత్రభాగం తిరగాల్సిన పని లేదు. అయితే చిప్ మీద చోటు కలిసిరావాలంటే తీగ ఎక్కడో ఒకచోట మలుపు తిరగాలి.

2017లో గర్గ్, పార్కిన్ తదితరులు మలుపు దగ్గర ఏమవుతుందో కొలిచారు. ఈ తీగల్లో డొమైన్లు నిలువుగా, పైకీ కిందకీ ఉంటాయి. గోడలు రెండు రకాలు: పై నుంచి కిందకు మారేవి, కింద నుంచి పైకి మారేవి. తిన్నని చోట రెండింటి వేగం ఒకటే. మలుపులో మాత్రం ఒక రకం ముందుకు దూసుకుపోతుంది, రెండో రకం వెనకబడుతుంది. అంటే గోడల మధ్య ఎడం మారిపోతుంది. ఎడమే సమాచారం కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మందు కూడా వాళ్ళే చెప్పారు. మధ్యలో పల్చటి రుథీనియం పొర పెట్టి, పైన ఒక అయస్కాంత పొర, కింద దానికి ఎదురు దిక్కున ఇంకో పొర వేస్తే ఆ తేడా పోతుంది. పై పొరలోని గోడా కింద పొరలోని గోడా ఎదురెదురు రకాలు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకటి ఉరికితే ఇంకోటి ఆపుతుంది. ఇలాంటి తిన్నని తీగల్లో సెకనుకు 750 మీటర్ల వేగాన్ని అదే బృందం 2015లో చూపించింది.

ఇదంతా ల్యాబ్‌లకే పరిమితమా? మార్కెట్లో ఏదైనా వస్తువు ఉందా?

ఉంది, నాకు చాలా ఇష్టమైన వస్తువు. కారు స్టీరింగ్ తీసుకోండి. అది ఒక చుట్టు కన్నా ఎక్కువే తిరుగుతుంది. మామూలు కోణం సెన్సర్ 30 డిగ్రీలు అని చెబుతుంది గానీ, మొదటి చుట్టులో 30 డిగ్రీలా, రెండో చుట్టులోనా అన్నది చెప్పలేదు. బ్యాటరీ తీసేసి ఉన్నప్పుడు ఎవరైనా తిప్పితే అసలే తెలియదు.

దీనికి వాడేది దోమల కాయిల్‌లా చుట్టలు చుట్టిన సన్నని అయస్కాంత పట్టీ. ఒక కొన దగ్గర వెడల్పాటి దిమ్మె, రెండో కొన సూదిలా. దాని మీద షాఫ్టుకు బిగించిన అయస్కాంతం తిరుగుతుంది. దిమ్మెలో అయస్కాంతీకరణ సులువుగా తిరుగుతుంది కాబట్టి ప్రతి అర చుట్టుకూ అక్కడ ఒక గోడ పుట్టి పట్టీలోకి దిగుతుంది.

తర్వాత గాజు బొమ్మను గుర్తు చేసుకోండి. తల-తల గోడ ఎప్పుడూ క్షేత్రం ఎటు చూస్తే ఆ వైపు వంపులో కూర్చుంటుంది. క్షేత్రం తిరిగితే గోడ కూడా వంపుల వెంట దానితోపాటే నడుస్తుంది. తోక-తోక గోడ సరిగ్గా ఎదుటి వైపు నడుస్తుంది. అయస్కాంతం ఒక చుట్టు తిరిగితే గోడలు ఒక చుట్ట లోపలికి పోతాయి. వెనక్కి తిప్పితే వచ్చిన దారినే వచ్చి దిమ్మెలో కలిసిపోతాయి. ఎన్ని గోడలున్నాయో లెక్కపెడితే ఎన్ని అర చుట్లు తిరిగిందో తెలుస్తుంది. గోడలను నడిపేది తిరిగే అయస్కాంతమే కాబట్టి కరెంటు అక్కర్లేదు. చదవడానికి మాత్రమే కరెంటు కావాలి. అదీ పట్టీ విద్యుత్ నిరోధం గోడల స్థానాన్ని బట్టి మారడం చూసి చదువుతారు.

జర్మనీలోని యేనాలో డీగెల్, మాట్టైస్, హాల్డర్ 2000ల దశకంలో ఈ లెక్కింపు పద్ధతి మీద పని చేశారు. ఇప్పుడు అనలాగ్ డివైసెస్ కంపెనీ ఏడీఎమ్‌టీ4000 చిప్ 46 చుట్లు, అంటే 16,560 డిగ్రీలు లెక్కిస్తుంది. దీనికి ఒక షరతు ఉంది. క్షేత్రం మరీ తక్కువైతే గోడ ఎక్కడో చిక్కుకుంటుంది, మరీ ఎక్కువైతే పట్టీ మధ్యలో పిలవని గోడలు పుడతాయి. రెండు హద్దుల మధ్య ఉండేలా అయస్కాంతాన్ని ఎంచుకోవాలి.

మెబియస్ పట్టీలో గోడను తీసేయలేమంటారు. ఎందుకు?

కాగితాన్ని పొడుగ్గా కత్తిరించి, ఒక కొనను అర తిప్పు తిప్పి రెండో కొనకు అతికించండి. స్పిన్‌లు కాగితానికి నిలువుగా నిలబడాలన్నది నియమం అనుకోండి. ఒకచోట పెన్ను నిలువుగా ఆనించి, ఆ నిలువు చెడకుండా పట్టీ వెంట జరుపుకుంటూ పోండి. ఒక చుట్టు పూర్తయి మొదటి చోటికి వచ్చేసరికి పెన్ను కాగితానికి రెండో వైపున ఉంటుంది. పైకి చూసిన బాణం కిందకి చూస్తూ తిరిగొచ్చింది. రెండూ ఒకే చోట కలవాలంటే దారిలో ఎక్కడో ఒక గోడ ఉండి తీరాలి. ఎంత క్షేత్రం పెట్టి తోసినా అది పక్కకు జరుగుతుంది గానీ పోదు. గోడల సంఖ్య ఎప్పుడూ బేసి సంఖ్యే. కీవ్, డ్రెస్డెన్ పరిశోధకులు 2015లో దీన్ని వివరంగా లెక్క కట్టారు.

ఇంత చిన్న గోడను కంటితో ఎలా చూస్తారు?

అయస్కాంత బల సూక్ష్మదర్శిని అందరికీ అందుబాటులో ఉండేది. అయస్కాంత పూత ఉన్న సూది పట్టీ మీదుగా పోతుంటే, ధ్రువాలు పోగైన గోడ దగ్గర మాత్రమే బలం తెలుస్తుంది. చీకటి అర్ధవలయం మీద ఒక్క తెల్ల చుక్క తల-తల గోడ అయితే, తోక-తోక గోడ నల్ల చుక్క. సూదిని ఎటు అయస్కాంతీకరించామన్నదాన్ని బట్టి ఈ రంగులు తారుమారవుతాయి. ఇబ్బంది ఏమిటంటే, ఆ సూదే గోడను తోసేయగలదు. అందుకే సూదిని కాస్త ఎత్తులో నడపాలి.

స్పిన్‌ల దిక్కు కూడా కావాలంటే లోరెంట్జ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని, లేదా సింక్రోట్రాన్ ఎక్స్-కిరణాలు. మూడు కొలతల్లో మెలికలు తిరిగిన వాటికి ఎక్స్-కిరణాలే దిక్కు. 2022లో క్లేర్ డోనెలీ తదితరులు డీఎన్‌ఏలా పెనవేసుకున్న రెండు కోబాల్ట్ నానో తీగలను అలా చూశారు. ఒక తీగలోని గోడ, పక్క తీగలోని గోడ ఒకదాన్నొకటి ఆకర్షించి జతకట్టి ఉన్నాయి.

ఇంట్లో ల్యాప్‌టాప్ మీద సిమ్యులేషన్ చేయొచ్చా?

చేయొచ్చు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళ మ్యూమాక్స్3, అమెరికాలో ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ వాళ్ళ ఊమ్ఫ్, రెండూ ఉచితం. మ్యూమాక్స్3కు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. లేనివాళ్ళు గూగుల్ కొలాబ్‌లో నడుపుకోవచ్చు.

వంపుల విషయంలో ఒక ప్రమాదం ఉంది, నేను అందులో పడ్డాను కాబట్టి వివరంగా చెబుతాను. ఈ ప్రోగ్రాములు పదార్థాన్ని చిన్న చిన్న పెట్టెలుగా కోస్తాయి. పెట్టెలతో వంపు గీస్తే అది మెట్లు మెట్లుగా వస్తుంది. 100 నానోమీటర్ల వెడల్పు, 300 వ్యాసార్ధం ఉన్న అర్ధవలయంలో నా గోడ నడినెత్తి నుంచి కదిలి, కొంత దూరం పోయి ఆగింది. వంపు పట్టు దొరికిందని సంబరపడి మూడు వారాలు దాని మీద గ్రాఫులు గీశాను. ఒకరోజు రాత్రి బొమ్మను బాగా పెద్దది చేసి చూస్తే, గోడ ఆగిన చోట లోపలి అంచు మీద 5 నానోమీటర్ల మెట్టు కనబడింది. అర్ధవలయంలో వక్రత అంతటా ఒకటే, పల్లం ఉండకూడదు అన్నది నాకు తెలుసు. తెలిసి కూడా అనుమానించలేదు. పెట్టెను 5 నుంచి 2.5కు తగ్గిస్తే గోడ వేరే చోట ఆగింది. అంచులను నున్నగా చేసే ఎడ్జ్‌స్మూత్ ఆప్షన్ పెడితే అసలు ఆగనే లేదు. ఆ గ్రాఫులన్నీ చెత్తబుట్టలోకి పోయాయి.

అందుకని వంపులో గోడ ఆగిందని నమ్మే ముందు రెండు పరీక్షలు చేయండి. పెట్టె సైజు సగం చేసి చూడండి. మొత్తం ఆకారాన్ని 45 డిగ్రీలు తిప్పి చూడండి. రెండింటిలోనూ అదే చోట ఆగితేనే అది భౌతికశాస్త్రం. గొట్టాలకైతే పెట్టెల పద్ధతి వదిలేసి, వంపుకు ఒదిగే ముక్కలుగా కోసే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి పోవడమే మంచిది.

స్కిర్మియాన్‌లు వచ్చాక డొమైన్ గోడల పని అయిపోయినట్టేనా?

లేదు. స్కిర్మియాన్ కూడా ఒక రకంగా గుండ్రంగా చుట్టుకున్న గోడే. గోడ అర్థం కానివాళ్ళకు స్కిర్మియాన్ అర్థం కాదు.

మన పిల్లలు ఇలాంటివి తయారు చేసి చూసే వీలుందా?

ఎలక్ట్రాన్ పుంజంతో పాలిమర్ మీద వంపు గీసి, లోహం పూసి, మిగిలింది ఎత్తేయడం ప్రామాణిక పద్ధతి. ఆ సౌకర్యం మామూలు కాలేజీల్లో ఉండదు. కానీ కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ఐఎన్‌యూపీ కార్యక్రమం ద్వారా బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల నానో ఫ్యాబ్‌లను బయటి కాలేజీల విద్యార్థులు, అధ్యాపకులు వాడుకోవచ్చు. శిక్షణ కూడా ఇస్తారు. హైదరాబాద్, వైజాగ్, తిరుపతిలలో ఉన్న చాలామందికి ఈ సంగతే తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. గైడ్‌తో మాట్లాడి, ఏం తయారు చేయాలో ఒక స్పష్టమైన ప్రతిపాదన రాసి పంపండి.

సరే, మొదటి సిమ్యులేషన్ ఏది చేయాలి?

తిన్నని పట్టీతో మొదలుపెట్టండి. 50 నానోమీటర్ల వెడల్పు, 5 మందం, మధ్యలో ఒక తల-తల గోడ. డ్యాంపింగ్ (స్పిన్‌ల ఊగుడును అణిచే అంకె) 0.5 పెట్టి కుదుటపడనివ్వండి, గోడ వెడల్పు కొలిచి రాసుకోండి. తర్వాత అదే పట్టీని పారాబోలాగా వంచి, కొన దగ్గర వ్యాసార్ధం 500, 250, 100 నానోమీటర్లుగా మూడు నమూనాలు చేయండి. ప్రతిదాంట్లో కొన దగ్గర గోడను పెట్టి, క్షేత్రాన్ని పక్కకు కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. ఏ క్షేత్రం దగ్గర గోడ కొనను వదిలిందో నోట్ చేసుకోండి. చివరిగా గోడ నడుమ స్పిన్‌ను బలవంతంగా లోపలికి తిప్పి వదిలి, ఆ గోడ ఏం చేస్తుందో చూడండి. దాన్ని వీడియో తీసి పెట్టుకోండి, మీ వైవాలో పనికొస్తుంది.